జట్టు షూటర్ ఆటకు మల్టీప్లేయర్ మ్యాప్ రూపొందించడం ఎలా: సెకన్ల లెక్క నుంచి విడుదల దాకా

జట్లుగా ఆడే షూటర్ గేమ్‌కు మ్యాప్ (ఆట జరిగే స్థలం) తయారుచేయాలనుకునేవారిలో చాలామంది మొదట ఒక దృశ్యాన్ని ఊహించుకుంటారు. పాడుబడిన కర్మాగారమో, మంచు కప్పిన రేవో, ఎడారిలోని కోటో వారి కళ్లముందు మెదులుతుంది. ఆ ఊహ ఉత్సాహాన్నిస్తుంది గానీ, దాన్నే పునాదిగా చేసుకుంటే చూడముచ్చటగా ఉండి, రెండోసారి ఆడబుద్ధి కాని మ్యాప్ తయారయ్యే ప్రమాదం ఎక్కువ. మ్యాప్ రూపకర్త చేతిలోని అసలైన ముడిసరుకు కాలం. రెండు జట్లు ఎన్ని సెకన్లకు, ఏ చోట, ఎవరు ముందుగా నిలదొక్కుకున్న స్థితిలో ఎదురుపడాలో తేల్చుకున్నాక, గోడలూ మెట్లూ తలుపులూ ఆ నిర్ణయానికి లోబడి అమరుతాయి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

మొదటి మెట్టు: ఆట నియమాలు, కొలతలు

మ్యాప్ కట్టే సాఫ్ట్‌వేర్ అయిన ఎడిటర్ తెరవడానికి ముందే ఆట నియమాలను కాగితం మీద రాసుకోవాలి. చనిపోయిన ఆటగాడు ఆ రౌండు ముగిసేదాకా తిరిగి రాని ఆటలు కొన్ని ఉన్నాయి. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ ఈ కోవలోకి వస్తాయి. చనిపోయినవారు కొన్ని సెకన్లలో మళ్లీ స్పాన్ అయ్యే, అంటే తిరిగి పుట్టే, ఆటలు మరికొన్ని. టీమ్ ఫోర్ట్రెస్ 2, ఓవర్‌వాచ్ అలాంటివి. మొదటి రకంలో ప్రతి ప్రాణానికీ విలువ ఎక్కువ కాబట్టి, ఆటగాడికి ఆగి ఆలోచించే వ్యవధి, వెనక్కి తగ్గే వీలు, అడుగుల చప్పుడు విని ప్రత్యర్థి కదలికను ఊహించే అవకాశం కావాలి. రెండో రకంలో స్పాన్ (ఆటగాళ్లు పుట్టే చోటు) నుంచి పోరాటం దాకా నడక విసుగు పుట్టించకూడదు. అదే సమయంలో, పోరాటం గెలిచిన జట్టు ముందుకు జరగడానికి చాలినంత విరామమూ దొరకాలి. ఒక రకం కోసం గీసిన మ్యాప్ రెండో రకానికి సరిపోవడం చాలా అరుదు.

తరువాత పాత్ర కొలతలను సేకరించాలి. ఆటగాడి వెడల్పు, ఎత్తు, కళ్ల ఎత్తు, వంగినప్పటి ఎత్తు, పరుగు వేగం, దూకగల ఎత్తు, దూకకుండా ఎక్కగల మెట్టు ఎత్తు, ఎంత ఎత్తు నుంచి పడితే దెబ్బ తగులుతుంది అన్నవి తప్పనిసరి. సోర్స్ ఇంజిన్ (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) ఆటలలో దూకకుండా ఎక్కగల మెట్టు 18 యూనిట్లు (ఇంజిన్ సొంత పొడవు కొలత). అదే ఇంజిన్ మీద నడిచినా, కౌంటర్ స్ట్రైక్ పాత్ర 32 యూనిట్ల వెడల్పు, 72 యూనిట్ల ఎత్తు ఉంటే, టీమ్ ఫోర్ట్రెస్ 2 పాత్ర 49 యూనిట్ల వెడల్పు, 83 యూనిట్ల ఎత్తు ఉంటుంది. అన్‌రియల్ ఇంజిన్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటర్. మనం మార్చకపోతే పాత్ర వేగం సెకనుకు 600 యూనిట్లు, అంటే 6 మీటర్లు. ఈ అంకెలన్నీ దగ్గర పెట్టుకుని, రకరకాల ఎత్తుల మెట్లు, రకరకాల వెడల్పుల తలుపులు, రకరకాల వాలుల ర్యాంపులు ఉన్న ఒక పరీక్ష గదిని ముందుగా కట్టుకోండి. ఇల్లు కట్టే కొలతలతో చేసిన తలుపులు, గదులు ఆటలో ఇరుకుగా తోస్తాయి. ఆటగాడు పక్కకు అడుగేస్తూ, గెంతుతూ, వెంట సహచరులతో పరుగెడతాడు కాబట్టి వాస్తవం కంటే విశాలంగా కట్టడమే సరైన పద్ధతి. ఎంత విశాలంగా అన్నది ఆ పరీక్ష గదిలో అటూ ఇటూ పరుగెత్తి తేల్చుకోవలసిందే.

రెండో మెట్టు: ఎదురుపడే చోటును సెకన్లలో లెక్కించడం

కౌంటర్ స్ట్రైక్‌లో కత్తి చేతపట్టి పరుగెత్తేవారి వేగం సెకనుకు 250 యూనిట్లు, ఏకే-47 పట్టుకుంటే 215. కాబట్టి 2,500 యూనిట్ల దారి కత్తితో సరిగ్గా 10 సెకన్లు, తుపాకీతో సుమారు 11.6 సెకన్లు తీసుకుంటుంది. రౌండు మొదలవగానే ఆటగాళ్లు అత్యంత వేగవంతమైన రూపంలోనే పరుగు తీస్తారు కాబట్టి, మొదటి ఎదురుకాల్పుల లెక్కకు ఎప్పుడూ గరిష్ఠ వేగాన్నే తీసుకోవాలి. రెండు స్పాన్‌ల నుంచీ ఒక్కొక్క సెకను దూరానికి ఒక్కొక్క గీత చొప్పున ప్రతి దారి వెంట గుర్తులు పెట్టుకుంటూ పోతే, రెండు వైపుల సంఖ్యలూ సమానమయ్యే బిందువు దొరుకుతుంది. ఎవరూ ఎక్కడా ఆగకపోతే మొదటి తూటా పేలేది అక్కడే.

దాడి, రక్షణ వేరువేరుగా ఉండే ఆటలో ఈ బిందువు ఎక్కడ పడుతుందన్నదే మ్యాప్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. చోక్ పాయింట్ అని ఆటగాళ్లు పిలిచే ఇరుకు దారికి రక్షకులు ఒకటి రెండు సెకన్ల ముందు చేరితే, వారు చాటు చూసుకుని గురిపెట్టగలరు. దాడిచేసేవారు గ్రెనేడ్ విసిరి వారిని కదిలించగలరు. రక్షకులు ఐదారు సెకన్లు ముందుంటే, ఇరుకును దాటి ఎదుటి జట్టు గుమ్మం ముందే మాటు వేస్తారు. అప్పుడు మీరు శ్రమపడి కట్టిన లక్ష్యస్థానం దగ్గర పోరాటమే జరగదు. దాడిచేసేవారే ముందు చేరితే రక్షణ అన్న మాటకే అర్థం ఉండదు. ఈ తేడా సరిగా కుదరకపోతే స్పాన్‌ను కొద్దిగా వెనక్కి జరపడం, దారిలో ఒక మలుపు చేర్చడం సులువైన మార్గాలు. గోడలు కట్టాక చేసే సవరణ రోజుల పని. కాగితం మీద అయితే క్షణాల్లో అయిపోతుంది.

పాత్రల వేగాలు వేరువేరుగా ఉంటే లెక్క మరింత ఆసక్తికరంగా మారుతుంది. టీమ్ ఫోర్ట్రెస్ 2లో స్కౌట్ సెకనుకు 400 యూనిట్లు పరుగెడితే హెవీ 230 యూనిట్లే కదులుతాడు. 4,000 యూనిట్ల దారిలో ఒకరు 10 సెకన్లకు చేరితే మరొకరికి 17 సెకన్లకు పైగా పడుతుంది. ఈ ఏడు సెకన్ల ఎడం తప్పు కాదు. వేగంగా చేరినవారు చేయదగిన పని ఒకటి, నెమ్మదిగా వచ్చేవారికోసం మిగిలే పని మరొకటి మధ్య మైదానంలో ఉండేలా చూడాలి.

ఒక లక్ష్యం నుంచి మరో లక్ష్యానికి రక్షకులు చేరే సమయాన్ని రొటేషన్ అంటారు. దీనికి ఆట నియమమే పరిమితి విధిస్తుంది. కౌంటర్ స్ట్రైక్ 2లో దాడిచేసేవారు లక్ష్యం దగ్గర బాంబు పెట్టాక అది 40 సెకన్లకు పేలుతుంది. పనిముట్ల కిట్ లేకుండా రక్షకులు దాన్ని నిర్వీర్యం చేయడానికి 10 సెకన్లు, కిట్ ఉంటే 5 సెకన్లు పడుతుంది. రొటేషన్ 15 సెకన్లయితే, కిట్ లేని రక్షకుడికి ఆ స్థలాన్ని తిరిగి గెలుచుకోవడానికి మిగిలేది 15 సెకన్లు. రొటేషన్‌ను 30 సెకన్లకు పెంచితే మిగిలేది సున్నా, అంటే బాంబు పెట్టిన క్షణంలోనే రౌండు ముగిసిపోయినట్టే. 5 సెకన్లకు తగ్గిస్తే, రెండు లక్ష్యాలున్నా ఒకటే ఉన్నట్టవుతుంది. అటు నటించి ఇటు దాడిచేసే ఎత్తుగడకు చోటుండదు. మీ ఆట అంకెలతో ఇదే తీసివేతను చేసి, మిగిలే సమయం ఒక నిజమైన పోరాటానికి చాలుతుందో లేదో చూసుకోండి.

మూడో మెట్టు: కాగితం మీద దారుల పటం

ఇప్పుడు లక్ష్యాలను వృత్తాలుగా, దారులను గీతలుగా మాత్రమే గీయండి. భవనాల ఆకారాలు ఇంకా వద్దు. డేవ్ జాన్‌స్టన్ 2001లో రూపొందించిన కౌంటర్ స్ట్రైక్ మ్యాప్ డస్ట్ 2 ఇంతకాలంగా ఆదరణలో ఉండడానికి నా దృష్టిలో పెద్ద కారణం ఆ గీతల పొదుపే. ఒకవైపు పొడవైన ఆరుబయలు దారి, మరోవైపు సొరంగాలు, నడుమ రెండింటికీ దారితీసే మిడ్. మిడ్‌ను గుప్పిట్లో పెట్టుకున్న జట్టుకు రెండు లక్ష్యాలూ దగ్గరవుతాయి, ఎదుటివారికి దూరమవుతాయి. లక్ష్యమేదీ లేని చోటుకోసం కూడా ఆటగాళ్లు ప్రాణాలకు తెగించి పోరాడేలా చేయగలగడం మ్యాప్ రూపకల్పనలో గొప్ప నైపుణ్యం. ఇదే మూసను విడిచి వెళ్లినవీ ఉన్నాయి: వాలరెంట్‌లోని హేవెన్ మ్యాప్‌లో మూడు లక్ష్యాలుంటాయి, బైండ్‌లో మిడ్ లేదు, దాని బదులు ఆటగాడిని క్షణంలో మరో చోటికి చేర్చే, ఒకే దిశలో పనిచేసే రెండు టెలిపోర్టర్లు రొటేషన్ భారాన్ని మోస్తాయి. మూసను కాదనుకున్నప్పుడు, అది చేసే పనిని మరేది చేస్తుందో ముందే తేల్చుకోవాలని ఈ రెండూ చూపుతాయి.

దారుల సంఖ్య విషయంలో కొంత కఠినంగా ఉండండి. ప్రతి ముఖ్య స్థానానికి కనీసం రెండు వైపుల నుంచి ప్రవేశం ఉండాలి. లేకపోతే ఒక్క ఆటగాడు దాన్ని రౌండంతా మూసేయగలడు. మూడు వైపులకు మించితే ఏ రక్షకుడూ అన్నింటినీ గమనించలేడు, చావు ఎటునుంచి వచ్చిందో అర్థం కాదు, నేర్చుకోవడానికీ ఏమీ మిగలదు. ఎటూ తీసుకెళ్లని మూసుకుపోయిన గదులను తొలగించండి. ఐదుగురి జట్లకు మూడు ప్రధాన దారులు చాలు. పన్నెండు మంది జట్లకు కూడా దారుల సంఖ్యను పెంచడం కంటే ఉన్న దారుల వెడల్పును పెంచడమే మేలు.

రెండు జట్లకూ ఒకే లక్ష్యం ఉన్న ఆటలో సౌష్ఠవం కావాలి. అద్దంలో ప్రతిబింబంలా తిప్పడమా, మధ్య బిందువు చుట్టూ 180 డిగ్రీలు తిప్పడమా అన్న ప్రశ్నకు నేను దాదాపు ఎప్పుడూ రెండోదే ఎంచుకుంటాను. ప్రతిబింబంలో ఒక జట్టుకు ఎడమ మలుపైనది మరో జట్టుకు కుడి మలుపవుతుంది. కెమెరా పాత్ర కుడి భుజం మీద ఉండే థర్డ్ పర్సన్ ఆటల్లో, చాటుకు కుడివైపు నుంచి తొంగిచూసేవారు తమ శరీరాన్ని బయటపెట్టకుండానే ఎక్కువ చూడగలరు కాబట్టి, ఆ తేడా నేరుగా అన్యాయంగా మారుతుంది.

నాలుగో మెట్టు: గ్రేబాక్స్

కాగితం మీది పటాన్ని రంగులూ అలంకారాలూ లేని దిమ్మెలతో ఎడిటర్‌లో నిలబెట్టడాన్ని గ్రేబాక్స్ అంటారు. సోర్స్ ఆటలకు హ్యామర్, క్వేక్ తరహా ఆటలకు ట్రెంచ్‌బ్రూమ్, యూనిటీకి ప్రోబిల్డర్ ఇందుకు అనువైనవి. అన్‌రియల్‌లో ఎడిటర్‌లోనే ఆకృతులు మలచుకోవచ్చు. గ్రిడ్‌కు కట్టుబడి పనిచేయండి. నేలకు ఒకటి, గోడలకు ఒకటి, చాటు వస్తువులకు ఒకటి చొప్పున మూడు రంగులు వాడితే మ్యాప్ పై నుంచి చూసినప్పుడే సమతూకం తెలుస్తుంది. ఆకృతి నిలబడగానే స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి దారినీ పరుగెత్తి, రెండో మెట్టులో రాసుకున్న సెకన్లతో పోల్చండి. మెట్లు, మలుపులు, గెంతులు కలిసినప్పుడు కాగితం లెక్క మారడం సహజం. ఈ దశలో ఒక్క గోడకు కూడా టెక్స్చర్ (ఇటుక, చెక్క వంటి పైపూత చిత్రం) వేయకండి. అందంగా తీర్చిదిద్దిన గోడను పడగొట్టడానికి ఎవరికీ మనసొప్పదు, పడగొట్టలేని రూపకర్త చేతిలో మ్యాప్ మెరుగుపడదు.

ఐదో మెట్టు: మూలలు, చూపు రేఖలు

అత్యధిక శ్రద్ధ అవసరమయ్యేది ఇక్కడే. ఇద్దరు ఆటగాళ్లు ఒకే మూలకు అటూ ఇటూ ఉన్నారనుకుందాం. ఒకరు మూలకు ఆనుకుని, మరొకరు దానికి ఐదు మీటర్ల దూరంలో ఉన్నారు. దగ్గరున్నవారు పక్కకు అడుగేసినప్పుడు, వారి కన్ను మూల దాటడానికి ముందే భుజం బయటపడుతుంది. దూరంగా ఉన్నవారు ఆ భుజాన్ని ముందుగా చూస్తారు. అంటే ప్రతి మూల వెనుకా మీరు ఎంత ఖాళీ వదిలారన్నదే ఆ మూల ఎవరి పక్షమో తేలుస్తుంది. రక్షకుడికి మేలు చేయాలంటే అతని వైపు లోతు ఇవ్వాలి. దాడిచేసేవారికి మేలు చేయాలంటే వారు మూలకు దూరంగా జరిగి, దాని అవతలి చోటును కొద్దికొద్దిగా చూసుకుంటూ రాగలిగేంత వెడల్పు ఇవ్వాలి. దీనికి నెట్‌వర్క్ జాప్యం తోడవుతుంది. కదులుతూ బయటికి వచ్చిన ఆటగాడు ఎదుటివారిని తన తెర మీద చూసిన కొద్ది మిల్లీసెకన్ల తరువాత గానీ ఎదుటివారి తెర మీద అతడు కనిపించడు. అందువల్ల కదలకుండా కాపుకాసేవారికి కాగితం మీద కనిపించేంత బలం ఆటలో ఉండదు, కనుక వారికి చాటును కాస్త ఉదారంగానే ఇవ్వవచ్చు.

ఒక గుమ్మం దాటగానే ఆటగాడు ఒకేసారి ఎన్ని ప్రమాదకర స్థానాలను ఎదుర్కొంటాడో లెక్కించండి. రెండు మూడు స్థానాలైతే అనుభవం ఉన్నవారు వాటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ ముందుకు రాగలరు. ఆరేడు స్థానాలు ఒక్క అడుగుతో తెరుచుకుంటే, నైపుణ్యానికి చోటు లేక అదృష్టమే నిర్ణయిస్తుంది. గోడను కొద్దిగా పొడిగించడం, ఒక స్తంభాన్ని అర మీటరు జరపడం వంటి చిన్న మార్పులతో ఆ స్థానాలు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకునేలా చేయవచ్చు.

పొడవైన చూపు రేఖ స్నైపర్‌కు కావలసిందే గానీ, అది మ్యాప్‌ను నిలువునా చీల్చకూడదు. నేను పాటించే నియమం సూటిగా ఉంటుంది: ప్రతి పొడవైన చూపు రేఖనూ అడ్డంగా దాటే మరో దారి, దాని చివరన నిలబడే స్నైపర్‌ను పక్కనుంచి చేరే ఇంకో దారి ఉండాలి. స్మోక్ గ్రెనేడ్లు ఉన్న ఆటలో ఇరుకు వెడల్పును ఆ పొగ వెడల్పుతో కొలవండి. ఒక్క పొగతో మూసుకుపోయే దారి చవకైనది, రెండు పొగలు కావలసినది ఖరీదైనది. జట్టు ఏ ఖర్చుకు సిద్ధపడుతుందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఆరో మెట్టు: చాటు, ఎత్తు

చాటు వస్తువులను రెండు ఎత్తులకే పరిమితం చేయండి: నిలబడినా పూర్తిగా దాచేది, వంగితే మాత్రమే దాచేది. మధ్యస్థమైన ఎత్తులు ఆటగాడిని మోసం చేస్తాయి. పాత్ర కళ్లతోనే చూసే ఫస్ట్ పర్సన్ ఆటల్లో చాలావాటిలో తూటా కంటి స్థానం నుంచే బయలుదేరుతుంది కాబట్టి, సరిగ్గా కళ్ల కింద ఆగే పెట్టె వెనుక నిలబడినవారు తల పైభాగం మాత్రమే చూపిస్తూ స్వేచ్ఛగా కాల్చగలరు. అలాంటి స్థానం అనుకోకుండా ఏర్పడితే తొలగించండి. ఉద్దేశపూర్వకంగా పెడితే పక్కనుంచి దాన్ని ఛేదించే దారిని తప్పక ఇవ్వండి. చాటు నుంచి చాటుకు మధ్య దూరాన్ని కూడా సెకన్లలోనే ఆలోచించాలి. ఒక సెకను పరుగు సాహసం, మూడు సెకన్ల పరుగు ఆత్మహత్య.

ఎత్తు మీద ఉన్నవారికి మూడు లాభాలు ఒకేసారి దక్కుతాయి: ఎక్కువ దూరం కనిపిస్తుంది, కిందివారి శరీరమంతా కనిపిస్తుంది, ఒక అడుగు వెనక్కి వేస్తే తాము మాయమవుతారు. ఇంత లాభానికి వెల కట్టాలి. ఎత్తుకు చేరే దారి కనీసం రెండు వైపుల నుంచి ఉండాలి. ఎక్కే చప్పుడు వినిపించాలి. వెనుకవైపు చాటు పలుచగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎత్తైన చోటు నుంచి లక్ష్యాన్ని కాపాడవచ్చు గానీ లక్ష్యాన్ని పూర్తి చేయలేకుండా ఉండాలి, అప్పుడే ఏదో ఒక క్షణంలో కిందికి దిగక తప్పదు.

ఏడో మెట్టు: స్పాన్

తిరిగి పుట్టే ఆటల్లో స్పాన్ గదికి రెండు లేదా మూడు ద్వారాలు, అవీ ఒకే చోటి నుంచి కాపుకాయలేనంత ఎడంగా ఉండాలి. ద్వారానికి ఎదురుగా పొడవైన చూపు రేఖ పడకూడదు. ముందుకు జరిగే కొద్దీ దాడిచేసే జట్టు నడక దూరం పెరుగుతుంది, వెనక్కి తగ్గిన జట్టు దూరం తగ్గుతుంది. ఈ సహజ సమతూకం ఓడుతున్న జట్టుకు ఊపిరినిస్తుంది గానీ, మోతాదు మించితే చివరి లక్ష్యం దగ్గర ఆట గంటల తరబడి కదలకుండా నిలిచిపోతుంది. దాడిచేసేవారికి ముందు వరుసలో మరో స్పాన్ తెరవడం, రక్షకులు తిరిగి పుట్టే వ్యవధిని పెంచడం దీనికి విరుగుళ్లు. రెండింటిలో మొదటిదాన్నే నేను ఇష్టపడతాను. చచ్చి తెర చూస్తూ కూర్చునే సమయాన్ని పెంచడం ఎవరికీ ఆనందం కలిగించదు.

ఎనిమిదో మెట్టు: గుర్తులు, రంగులు, చప్పుళ్లు

ఆటగాడు కనురెప్పపాటులో తానెక్కడున్నాడో సహచరులకు చెప్పగలగాలి. ప్రతి ప్రాంతానికీ ఒక ప్రత్యేక వస్తువు, దానికి రెండు మూడు అక్షరాల్లో పలికే పేరు ఉండాలి. టీమ్ ఫోర్ట్రెస్ 2 మ్యాపులలో ఎర్ర జట్టు వైపు చెక్క, వెచ్చని రంగులు, నీలి జట్టు వైపు కాంక్రీటు, లోహం, చల్లని రంగులు కనిపిస్తాయి. దారి తప్పినవారికి కూడా తాము ఎవరి గడ్డ మీద ఉన్నారో తెలిసిపోతుంది. పాత్రలు నిలబడే చోట్ల గోడలు పాత్రల కంటే వెలిసినట్టుగా, సాదాగా ఉండాలి. ఇనుప పలక, చెక్క, ఇసుక వంటి నేలలను మార్చితే అడుగుల చప్పుడే సమాచారంగా పనిచేస్తుంది. అయితే మార్పు ముఖ్యమైన హద్దుల దగ్గరే జరగాలి.

తొమ్మిదో మెట్టు: ప్లేటెస్ట్

గ్రేబాక్స్ దశలోనే నిజమైన మనుషులతో, పూర్తి సంఖ్య గల జట్లతో ఆడించండి. ఐదుగురి మ్యాప్‌ను ఇద్దరిద్దరితో ఆడిస్తే వచ్చే సమాచారం తప్పుదారి పట్టిస్తుంది. ఆడుతున్నంతసేపూ మీరు ప్రేక్షకుడిగా ఉండి, నోరు మెదపకండి. దారి తెలియక ఆగినవారికి సాయం చేయాలనిపించినా, ఆ ఆగడమే మీకు కావలసిన సమాచారం. ఎవరు ఎక్కడ చనిపోయారు, ఎక్కడి నుంచి కాల్పులు తిన్నారు, ఏ దారిని ఎవరూ వాడలేదు, మొదటి ఎదురుకాల్పులు ఎన్నో సెకనులో జరిగాయి అన్నవి నమోదు చేయండి. మరణాలను పటం మీద చుక్కలుగా పెడితే, ఒకే చోట గుంపుగా పడిన చుక్కలు చెప్పేది ఏ అభిప్రాయమూ అంత స్పష్టంగా చెప్పలేదు.

ఆటగాళ్ల మాటలను వినాలి గానీ, వారు సూచించే పరిష్కారాన్ని కాకుండా వారు అనుభవించిన బాధను వినాలి. "ఆ కిటికీ మూసేయండి" అన్నవారి అసలు ఇబ్బంది, కిటికీ కింద చాటు లేకపోవడం కావచ్చు. ఒక్కో ప్లేటెస్ట్‌కూ మధ్య ఒకటి రెండు మార్పులకు మించి చేయకండి. పది మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక వైపు గెలుపు శాతం ఎక్కువగా ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. రౌండ్ల మధ్య జట్లు వైపులు మార్చుకునే ఆటలో కొంత మొగ్గు సహించదగినదే. సహించరానిది, ప్రతి రౌండూ ఒకే విధంగా ఆడడం.

పదో మెట్టు: తుది మెరుగులు, విడుదల

ప్లేటెస్ట్‌లలో గోడలు జరగడం ఆగాకే అలంకరణ మొదలుపెట్టాలి. అలంకరణ వస్తువులు ఆటగాడి భుజాన్ని పట్టుకోకుండా, మెట్ల మీద, గోడ అంచుల మీద కంటికి కనిపించని నునుపైన క్లిప్ పలకలు పరచండి. తరువాత ప్రతి పైకప్పు మీదికీ, ప్రతి పెట్టె మీదికీ ఎక్కే ప్రయత్నం చేయండి. సహచరుడి భుజాల మీద నిలబడి కూడా చూడండి. రెండు వస్తువుల మధ్య సన్నని సందులోంచి తూటా దూసుకుపోతుందేమో మూలమూలా పరీక్షించండి. చిత్రాల వేగం (ఫ్రేమ్ రేట్) పడిపోయే చోటు సాధారణంగా చూపు రేఖలు అతి పొడవుగా ఉన్న చోటే కాబట్టి, ఐదో మెట్టులో జాగ్రత్త పడినవారికి ఇక్కడ పని తగ్గుతుంది.

విడుదలకు ముందు ఫైలు పేరులో కూర్పు సంఖ్యను తప్పనిసరిగా చేర్చండి. టీమ్ ఫోర్ట్రెస్ 2 మ్యాప్ రూపకర్తలు తొలి దశకు ఏ1, మధ్య దశకు బీ1, తుది పరీక్షకు ఆర్‌సీ1 అంటూ పేరు చివర జోడించే పద్ధతి అనుసరించదగినది. పేరు మార్చకుండా లోపలి గోడను మాత్రమే మార్చి సర్వర్‌లో పెడితే, పాత కూర్పు ఇప్పటికే దింపుకున్న ఆటగాళ్ల దగ్గరి ఫైలుకూ సర్వర్ ఫైలుకూ పొంతన కుదరక వారు లోపలికే రాలేరు. పాత కూర్పులన్నిటినీ దాచి ఉంచండి. ఒక మార్పు ఆటను దెబ్బతీసిందని తరువాత ఎప్పుడో తెలిసినప్పుడు, ముందున్న గోడ సరిగ్గా ఎక్కడ ఉండేదో చూపించేవి అవే.